ప్రమాదం కేసులో రెండు ప్రశ్నలు



ఉదయగిరి, ఆత్మకూరు రోడ్ల మీద లారీయో ఆటోయో గుద్ది మనిషిని ఆసుపత్రికి తెచ్చినప్పుడు అందరం ముందు ప్రాణం సంగతే చూస్తాము. కానీ ఆ మొదటి గంటలో మీరు చెప్పే మాట తర్వాత నష్టపరిహారం కేసులో సాక్ష్యమవుతుంది.

మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ రెండు ప్రశ్నలు వేసుకుంటుంది. తప్పు ఎవరిది? నష్టం ఎంత? ఇంగ్లండులో కొన్ని కేసుల్లో మొదటిది తేల్చాకే రెండోది విచారిస్తారు. మన దగ్గర విచారణ ఒకటే, రుజువులు మాత్రం వేరు. మీ తప్పు కూడా కొంత ఉందని తేలితే ఆ మేరకు డబ్బు తగ్గుతుంది.

పోలీసుల గొడవ ఎందుకని చాలామంది క్యాజువాలిటీలో "బండి మీంచి జారిపడ్డాడు" అని చెబుతారు. మేము విన్నదే కేసు షీటులో రాస్తాము. తర్వాత ఇన్సూరెన్సు వకీలు చూపించేది ఆ ఒక్క లైనే! గుద్దిన బండి ఏదో, నంబరు తెలిస్తే నంబరుతో సహా ఉన్నదున్నట్టు చెప్పండి. ఎఫ్‌ఐఆర్ నకలు తీసుకోండి.

ఇక నష్టం. రాజ్‌కుమార్ కేసులో 2010లో సుప్రీంకోర్టు ఒక ఉదాహరణ చెప్పింది. ఎడమ చెయ్యి పోతే వైకల్యం సుమారు 60 శాతం అనుకుందాం. డ్రైవరుకో వడ్రంగికో సంపాదన దాదాపు మొత్తం పోవచ్చు, ప్రభుత్వ గుమాస్తాకు ఉద్యోగం పోకపోవచ్చు. అందుకే డిశ్చార్జి కాగితం, ఎక్స్‌రేలు, మందుల బిల్లులతో పాటు మీరు చేసే పని, వచ్చే కూలి కూడా రుజువు చేసుకోవాలి.

పదో రోజున బండి యజమాని పదివేలు చేతిలో పెట్టి రాజీ కాగితం మీద వేలిముద్ర అడుగుతాడు. కట్టు విప్పకముందే కాలు ఎంతవరకు వంగుతుందో డాక్టరుకే తెలియదు, మీకెలా తెలుస్తుంది? తొందరపడకండి.

తప్పు రుజువు చేయకుండానే డబ్బు వచ్చే దారి ఒకటుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి 164వ సెక్షన్ కింద మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు. పాత చట్టంలో 140వ సెక్షన్ కింద ఇచ్చే 50 వేలు, 25 వేలు పుచ్చుకున్నాక కూడా మిగతా పరిహారం కోసం కేసు నడుపుకోవచ్చు. ఇప్పుడు ఈ డబ్బుకు ఒప్పుకుంటే పెద్ద కేసు రద్దవుతుంది. వకీలుని అడిగాకే సంతకం చెయ్యండి.

కేసు 6 నెలల్లో వెయ్యాలని సవరించిన చట్టం చెబుతోంది. ప్రమాదం జరిగిన చోటే వెయ్యనక్కర లేదు, మీరు నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్లోనూ వెయ్యవచ్చు. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు న్యాయ సేవాధికార సంస్థ ద్వారా వకీలు ఉచితం.