వెడల్పు రెక్కల తూనీగలు – వాని గుర్తులు

వరిచేల గట్లపై నెగురు తూనీగలను మన సంఘ సభ్యులందఱు నెఱుగుదురు. అయినను తూనీగలన్నియు నొక్క తీరువి కావు. కొండవాగుల నాశ్రయించి బ్రతుకు వెడల్పు రెక్కల తూనీగలను గుర్తింప నేర్చిన రైతునకు తన పొలమునకు వచ్చు నీటి స్థితియు కొంత తెలియును. కావున వాని గుర్తుల నిచట వ్రాయుచున్నాము.

మొదటి గుర్తు వ్రాలు తీరు. పెద్ద తూనీగ వ్రాలినపుడు రెక్కలను ఇరుప్రక్కలకు చాచియుంచును. సన్న తూనీగలలో పెక్కు రెక్కలను వీపుమీద జోడించి నిలుపును. వాని కన్నులు ఒండొంటికి ఎడముగా నుండును. వెడల్పు రెక్కలవి యీ సన్న తూనీగలలోనివే.

రెండవ గుర్తు రెక్క మొదలు. చేలలోని సన్న తూనీగల రెక్క మొదట గరిటెకాడవలె నుండును. వెడల్పు రెక్కలవానికి అట్టి కాడ లేదు. రెక్క మొదటినుండియే క్రమముగా వెడల్పగును. ఈనెలు వలవలె దట్టముగా నల్లుకొనియుండును.

మూడవ గుర్తు రంగు. హిమాలయ ప్రాంతములందును, పశ్చిమ, తూర్పు కనుమలందును గల కొండవాగులలో 'న్యూరోబేసిస్ చైనెన్సిస్' అను జాతి కలదు. దీనిని 1758లో లిన్నేయసు పండితుడు వర్ణించెను. మగదాని వెనుక రెక్కలు నెమలికంఠమువలె పచ్చగా మెఱయును, కొనలు నల్లగా నుండును. ముందు రెక్కలు తేటగా నుండును. ఆడదాని రెక్కలు గోధుమవన్నెవి. వెనుక రెక్కలపై తెల్లని మచ్చలుండును. 'వెస్టాలిస్' అను మఱియొక తెగకు ఒడలు పచ్చగా మెఱసినను రెక్కలు తేటగా నుండును.

ఇవి పాఱు నీటియందలి మొక్కల కాడలలో గ్రుడ్లు పెట్టును. పిల్లపురుగు నీటిలోనే పెరుగును. దాని కాళ్లు పొడవు. మీసముల మొదటి కణుపు మిక్కిలి పెద్దది. తోకకొనను మూడు మొప్పలుండును.

వరిచేలలోని సన్న తూనీగలు సుడిదోమ మొదలగు చీడపురుగులను పట్టి తిని రైతునకు మేలుచేయును. వెడల్పు రెక్కలవి చేనిలో కాపురముండునవి కావు గాన, వానివలన చీడ తగ్గునని మేము చెప్పము. అవి వాగు మంచిచెడ్డలకు సాక్షులు. గట్టుమీది చెట్లు నఱికినను, మందుకొట్టు డబ్బాలను వాగులో కడిగినను వాని పిల్లలకు ముప్పు కలుగును. ఏటేట కనబడుచోట అవి కానరానిచో, ఎగువను ఏమి జరిగినదో విచారింపవలెను.

కావున సభ్యులు డబ్బాలు కడిగిన నీటిని వాగులో పోయక, మందు కొట్టిన చేనిలోనే చల్లవలెను. పిల్లలు తూనీగ తోకకు దారముకట్టి యాడుట మాన్పవలెను. వాగు మనకందఱకును ఉమ్మడి సొత్తు. దాని రక్షణమును గూర్చి సంఘ సమావేశములందు ఆలోచింప గోరుచున్నాము.