మందు పేరు చివరిదాకా చదవండి

మెడికల్ షాపు కౌంటరు వెనకే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. ఫార్మసీ చదివి కొత్తగా ఆ కౌంటరు దగ్గరికొస్తున్న పిల్లలకూ, చీటీ పట్టుకుని ఇవతల నిలబడే మీకూ ఈ నాలుగు ముక్కలు చెప్పాలనిపించింది.

1. మొదటి అక్షరాలను నమ్మొద్దు. మెట్‌ఫార్మిన్, మెట్రోనిడజోల్, మెటోప్రొలాల్. ఇంగ్లీషులో మూడూ ఎం, ఇ, టి అనే మొదలవుతాయి. మొదటిది షుగరుకి. రెండోది అమీబా విరేచనాలకీ, చిగుళ్ళ ఇన్ఫెక్షన్‌కీ. మూడోది బీపీకీ, గుండెకీ. చీటీ మీద ‘మెట్’ దాకా తేటగా ఉంటుంది, ఆ తర్వాతది ఒట్టి గీత. అప్పుడు ఊహించి బిళ్ళలు తీయకూడదు. “పెద్దాయనా, దేనికి చూపించుకున్నావు?” అని అడగాలి. “కడుపులో నొప్పికయ్యా” అంటే సగం తేలుతుంది. మిగతా సగం డాక్టరుగారికి ఫోను చేసి తేల్చుకోవాలి. వెనక ఎంత మంది నిలబడి ఉన్నా సరే.

2. మనకు ఇంటిపేరు ముందొస్తుంది, మందులకు చాలావరకు చివరొస్తుంది. అటెనొలాల్, ప్రొప్రనొలాల్, మెటోప్రొలాల్ ఒకే ఇంటివి. ఎనలాప్రిల్, రామిప్రిల్ ఇంకో ఇంటివి. టెల్మిసార్టాన్, లోసార్టాన్ వేరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1953 నుంచి ప్రకటిస్తున్న అంతర్జాతీయ పేర్ల పద్ధతి ఇది. ఆస్తమా ఉన్నవాళ్ళు చివర ‘ఒలాల్’ కనిపిస్తే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. ఈ మందుల్లో కొన్ని ఆయాసాన్ని పెంచుతాయి.

3. కొన్నిటికి మాత్రం ఇంటిపేరు ముందే ఉంటుంది. సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ లాంటి ‘సెఫ్’లన్నీ ఒక కుటుంబపు యాంటీబయాటిక్‌లు. ఒకటి పడకపోతే మిగతావి వాడేముందు ఆ మాట చెప్పండి. ‘గ్లి’తో మొదలయ్యేవి షుగరు మందులు. అయినా ఒకటి లేదని ఇంకోటి తీసుకోవద్దు. గ్లిమెపిరైడ్ ఒకటీ రెండూ మిల్లీగ్రాముల్లో ఉంటే, గ్లిక్లజైడ్ నలభై, ఎనభైలలో ఉంటుంది.

4. అన్నిటికన్నా నన్ను భయపెట్టిన జంట హైపో, హైపర్. గ్రీకులో హైపో అంటే కింద, హైపర్ అంటే పైన. షుగరు 70కి దిగువన పడితే హైపో. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి. స్పృహలో ఉంటే వెంటనే చక్కెర నీళ్ళు తాగించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. హైపర్‌లో రక్తంలో చక్కెర అప్పటికే ఎక్కువగా ఉంటుంది. థైరాయిడ్‌లోనూ అంతే: హైపోకి థైరాక్సిన్ ఇస్తారు, హైపర్‌కి కార్బిమజోల్. రిపోర్టు చదివి “థైరాయిడ్ ఉందట” అని ఊరుకోకండి. ఏ థైరాయిడో కనుక్కోండి.

5. బ్రాండు పేర్లకు ఈ లెక్కలేవీ వర్తించవు. స్ట్రిప్పు మీద ఉండే అసలు పేరే చూడండి.

మందుల అసలు పేర్లను అర్థమయ్యేలా, వీలైతే ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో రాయాలని భారత వైద్య మండలి 2016లోనే నిబంధన తెచ్చింది. కాబట్టి మొహమాటపడకండి. చీటీ అందుకుని లేచే ముందే ఒకసారి చూసుకుని, అర్థం కాకపోతే “డాక్టరుగారూ, పెద్ద అక్షరాల్లో రాసివ్వండి” అని అడగండి.