ముందు అడుగుదాం



1967 మార్చిలో పోపు ఆరవ పౌలుగారు జనుల అభివృద్ధిపై విశ్వలేఖ రాశారు. సంపద పెరగడమే అభివృద్ధి కాదు, ప్రతి మనిషీ సంపూర్ణంగా ఎదగాలని దాని బోధ. అదే ఏడాది ఆగస్టులో నాగార్జునసాగర్ కుడికాలువకు నీరు వదిలారు. కాలువ కింద పల్నాడు పచ్చబడింది. మెరకనున్న వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు ఊళ్లకు ఆ నీరు ఎక్కలేదు. కొన్నిచోట్ల బోరునీటిలో ఫ్లోరైడ్.

పరిశుభ్రమైన తాగునీరు మానవహక్కని ఐక్యరాజ్యసమితి 2010లో ప్రకటించింది. ఆ హక్కు ఊరి చివరి ఇంటిదాకా చేరిందా?

అలాంటి పల్లెకు సేవకు వెళ్తున్నారా? ట్యాంకు కట్టి ఫొటో దిగే తొందర వద్దు. ముందు వారం రోజులు వాళ్లతోపాటు బిందె మోయండి. నీళ్ల కోసం బడి మానే ఆడపిల్ల ఎవరో తెలుస్తుంది. బావి దగ్గర యేసుప్రభువు సమరియ స్త్రీని ముందు నీళ్లడిగారు. జీవజలం మాట తర్వాతే చెప్పారు. మనమూ అడగడంతోనే మొదలుపెడదాం.