కొత్త బ్యాకెండ్ రాయబోయే మేనకోడలికి

నరసరావుపేట



గ్రాఫ్‌లు గీసే పైథాన్ లైబ్రరీ మ్యాట్‌ప్లాట్‌లిబ్‌కు కొత్త జీయూఐ (విండో) బ్యాకెండ్ రాయబోతున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. కోడు మొదలుపెట్టే ముందు ఆ లైబ్రరీలో ఏ పని ఎవరు చేస్తారో చూడు తల్లీ.

న్యూరోబయాలజీ పరిశోధకుడు జాన్ హంటర్ 2003లో దాన్ని విడుదల చేశాడు. ఒకే గ్రాఫ్ టీకే, క్యూటీ, జీటీకే టూల్‌కిట్ల విండోల్లోనూ, పీడీఎఫ్‌లోనూ రావడానికి కారణం బ్యాకెండ్లే. విండో బ్యాకెండ్‌లో రెండు ముఖ్యమైన పనులుంటాయి. గీతల్నీ అక్షరాల్నీ గీసేది రెండరర్. ఆ బొమ్మను విండోలో చూపించి, మౌస్ క్లిక్కుల్ని లోపలికి అందించేది కాన్వాస్.

నీ పని కాన్వాస్‌ది. క్యూటీఆగ్, టీకేఆగ్ అనే బ్యాకెండ్ల పేర్ల చివర ఉన్న ఆగ్ అనే రెండరర్ పిక్సెళ్లు తయారుచేసి ఇస్తుంది; వాటిని విండోలో పెట్టడమే తొలి మెట్టు. తర్వాత మౌస్ చూడు. మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఎత్తును కింది నుంచి కొలుస్తుంది, చాలా టూల్‌కిట్లు పైనుంచి కొలుస్తాయి. ఆ లెక్క తిప్పకపోతే ఒకచోట నొక్కితే ఇంకోచోట జూమ్ అవుతుంది. మౌస్ కదిలిన ప్రతిసారీ బొమ్మంతా మళ్లీ గీయించకు. కాన్వాస్‌లోని డ్రా_ఐడిల్ ఫంక్షన్‌ను పిలిస్తే, ఈవెంట్ లూప్‌కు తీరిక దొరికినప్పుడు ఒక్కసారి గీస్తే చాలు. టైమర్లు, టూల్‌బార్ ఆ తర్వాతే.

మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లోనే బ్యాకెండ్_టెంప్లేట్ అనే నమూనా ఫైలు ఉంది, ముందు అది చదువు. నీ బ్యాకెండ్‌ను అసలు లైబ్రరీలో కలపాల్సిన అవసరమూ లేదు. పేరు ముందు ‘module://’ అని చేర్చి పిలిస్తే బయటి ఫైలు నుంచే నడుస్తుంది.

ఇక మన జిల్లా ఊళ్ల పేర్లను తెలుగులో రాసే సంగతి. ‘మాచర్ల వర్షపాతం’, ‘గురజాల మిర్చి దిగుబడి’ అని గ్రాఫ్‌కు పేరు పెడితే ఆగ్ చాలా ఏళ్లపాటు ఒత్తుల్ని విడగొట్టే చూపించింది. తెలుగు ఫాంటు పెట్టినా అంతే. హల్లునూ ఒత్తునూ కలిపి పేర్చే పని, అంటే షేపింగ్, అందులో జరగకపోవడమే కారణం. నువ్వు ఎంత చక్కటి విండో కట్టినా అలాంటి లోపం బాగుపడదు, ఎందుకంటే అది రెండరర్‌ది. ఎంపీఎల్‌కైరో అనే బయటి బ్యాకెండ్ రెండరర్‌నే మార్చి, కైరో అనే గ్రాఫిక్స్ లైబ్రరీతో గీయించి, షేపింగ్‌ను రాక్మ్ అనే లైబ్రరీకి అప్పగించింది.

అందుకని ముందు ఆగ్‌తో విండోను నిలబెట్టు. అది గట్టిపడ్డాక దాని వెనుక ఎంపీఎల్‌కైరో రెండరర్‌ను పెట్టే ప్రయత్నం చెయ్యి. నీ పరీక్ష గ్రాఫ్‌ల మీద ఇంగ్లీషుతో పాటు మన ఊళ్ల పేర్లు తెలుగులో ఉండాలి. మాచర్లలో ల ఒత్తు సరిగ్గా కూర్చున్నాకే పని పూర్తయిందని అందరికీ చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య