ఫోనులో వచ్చిన మందు

ఓ.పి. చీటీ కోసం కూర్చున్నవారిలో చేతిలో ఫోను లేనివారు ఇప్పుడు అరుదు. డాక్టరుగారి కంటే ముందు ఫోనే వైద్యం చెబుతోంది. అది చెప్పేవాటిలో మంచీ ఉంది, ప్రాణం మీదికి తెచ్చేదీ ఉంది. ఈ నెల పాఠంలో ఈ సంగతి తెలుసుకుందాం.

ఉమ్మెత్త రసం

2020 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లాలో కొందరు ఉమ్మెత్త గింజలు నూరి ఆ రసం త్రాగారు. ఉమ్మెత్తకాయ ముళ్ళతో కరోనా వైరస్ బొమ్మలా ఉంటుంది కనుక అదే దానికి మందు అని టిక్‌టాక్ వీడియోలో చూశారు. అందరూ ఆసుపత్రి పాలయ్యారు, చికిత్సతో కోలుకున్నారు. ఉమ్మెత్తలో అట్రోపిన్, స్కోపలమిన్ అనే విషాలున్నాయి. నోరు ఎండిపోవడం, కంటిపాపలు పెద్దవి కావడం, గుండె దడ, సంబంధం లేని మాటలు దాని లక్షణాలు. అలాంటివారికి ఇంట్లో బలవంతాన వాంతి చేయించకండి. మిగిలిన గింజలు వెంట తీసుకొని, 108కి ఫోను చేసి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

మా పొరపాటు

2021 ఏప్రిల్‌లో కర్పూరం, లవంగాలు, వాము మూట కట్టి వాసన చూస్తే రక్తంలో ఆక్సిజన్ పెరుగుతుందని ఒక మెసేజ్ ఊరూరా తిరిగింది. అది నిజం కాదు. పైగా కర్పూరం మింగితే పిల్లలకు ఫిట్స్ వస్తాయి. ఆ రోజుల్లో ఒక పెద్దాయన ఆక్సిజన్ 86కు పడిపోయినా రెండు రోజులు ఆ మూటనే నమ్ముకొని, ఆలస్యంగా మా వద్దకు వచ్చారు. ఆయన భార్య ఫోను చూపించి, "మీ సిస్టరమ్మే పంపిందమ్మా" అన్నారు. నిజమే. మంచిదే కదా అని మాలో ఒకరు పంపారు. తెల్ల యూనిఫాం వేసుకున్నవారు పంపితే ఎవరైనా నమ్ముతారు. ఆ సంగతి మాకు ఆనాడు బాగా తెలిసివచ్చింది.

బాధ్యత ఎవరిది?

ఈ కంపెనీలలో చాలావాటికి ఆదాయం ప్రకటనల మీద వస్తుంది. మనం ఎంతసేపు చూస్తే వారికి అంత లాభం. "ఉప్పు తగ్గించండి, రోజూ నడవండి" అంటే ఎవరూ ఆగి చూడరు. "మూడు రోజుల్లో షుగరు మాయం" అంటే ఆగుతారు. జనం ఆగి చూసినదాన్నే ఫోను మరింతమందికి చూపిస్తుంది.

పెట్టినవారు వేరు, మేము కాదు అని కంపెనీలు అంటాయి. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 79వ సెక్షన్ కొన్ని షరతులతో వారికి ఆ రక్షణ ఇచ్చింది. అయితే 2021 నియమాల ప్రకారం పెద్ద కంపెనీలు మన దేశంలోనే ఫిర్యాదుల అధికారిని నియమించాలి. షుగరు, క్యాన్సరు నయం చేస్తామంటూ మందులకు ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. మందుల షాపువారు తప్పు మందు ఇచ్చి "తయారుచేసింది మేము కాదు" అంటే ఒప్పుకుంటామా? పదే పదే చూపించేవారికీ బాధ్యత ఉండాలని మా అభిప్రాయం.

కానీ వారి మీదే ఆధారపడలేము. 2025 జనవరిలో ఫేస్‌బుక్ యజమాని మెటా, అమెరికాలో బయటి సంస్థలచేత నిజనిర్ధారణ చేయించడం మానేస్తున్నట్లు ప్రకటించింది. వాట్సాప్‌లో మన మెసేజ్‌లను కంపెనీ చదవలేదు కనుక అక్కడ కాపలా మనమే.

మనం చేయవలసినవి

1. మెసేజ్ పైన రెండు బాణాల గుర్తు ఉంటే అది చాలా చేతులు మారి వచ్చింది. ఎవరు వ్రాశారో తెలియనిది ఎవరికీ పంపవద్దు.

2. ఇన్సులిన్, బి.పి., ఫిట్స్, టి.బి. మందులు వీడియో చూసి ఆపవద్దు. చిన్ననాటి నుండి ఇన్సులిన్ మీద ఉన్నవారు ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణాపాయం.

3. "డాక్టర్లు దాచిన రహస్యం", "వెంటనే పది మందికి పంపండి" అని ఉంటే అనుమానించండి.

4. హానికరమైన వీడియో కనిపిస్తే రిపోర్ట్ నొక్కండి.

5. పొరపాటున పంపితే, పంపిన గ్రూపులోనే "అది తప్పు" అని చెప్పండి. మేమూ అలాగే చెప్పాము.

సందేహముంటే ఫోను తీసుకొని మా వార్డుకు రండి. చూపించినందుకు కోప్పడము. మందు మానేసి, ఆ సంగతి మా దగ్గర దాస్తేనే మాకు బాధ.