వ్యవసాయ వాతావరణ సలహాల తయారీలో స్వయంచాలిత టాస్క్ నియమాల అమరిక

గ్రామీణ కృషి మౌసం సేవ కింద వ్యవసాయ వాతావరణ సలహా బులెటిన్లు ప్రతి మంగళ, శుక్రవారాల్లో వెలువడతాయి. బులెటిన్ సిద్ధం కావాలంటే వాతావరణ కేంద్రాల రీడింగులు అందాలి, వాటిలోని తప్పులను ఏరివేయాలి, వర్షపాతం, డిగ్రీ-దినాలు లెక్కకట్టాలి, ముందస్తు అంచనాతో కలిపి ముసాయిదా రూపొందించాలి, చివరకు శాస్త్రవేత్త ఆమోదించాలి. ఈ వరుసను నడిపించడానికి అపాచీ ఎయిర్‌ఫ్లో వంటి వర్క్‌ఫ్లో సాఫ్ట్‌వేర్ చక్కగా ఉపయోగపడుతుంది. 2014లో ఎయిర్‌బీఎన్‌బీ సంస్థలో రూపుదిద్దుకొన్న ఈ సాఫ్ట్‌వేర్ 2019లో అపాచీ ఫౌండేషన్ ఉన్నతస్థాయి ప్రాజెక్టుగా గుర్తింపు పొందింది. ఉచితంగా లభిస్తుంది. పనుల వరుసను ఇందులో ‘డ్యాగ్’ అంటారు. ఒక్కొక్క పని ఒక టాస్క్. ఏ టాస్క్ ఎప్పుడు, దేని తర్వాత నడవాలో, విఫలమైతే ఏం జరగాలో నియమాలుగా పైథాన్ భాషలో రాస్తారు.

రాయడం కష్టం కాదు. సమాచారం రాని రోజున ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న. దీనికి జవాబు చెప్పవలసినది ప్రోగ్రామర్ కాదు, పంటను ఎరిగిన శాస్త్రవేత్త. ఆ నిర్ణయం తీసుకోకపోతే సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉన్న డిఫాల్టు విలువలే నిర్ణయం తీసుకొంటాయి.

మొదట సమయం సంగతి. భారత వాతావరణ శాఖ లెక్కలో వర్షపాత దినం ఉదయం 8.30 గంటల నుంచి మర్నాడు ఉదయం 8.30 వరకు ఉంటుంది. ఎయిర్‌ఫ్లో డిఫాల్టుగా పాటించేది అంతర్జాతీయ ప్రామాణిక సమయం, అంటే యూటీసీ. ‘రోజుకొకసారి’ అని మాత్రమే రాసి వదిలేస్తే రోజు మారేది మన ఉదయం 5.30కు. అప్పుడు తెల్లవారుజామున 6 గంటలకు కురిసిన వాన, మండల వర్షమాపకం లెక్కలో ఒక తేదీకి, డ్యాగ్ లెక్కలో మరో తేదీకి చేరుతుంది. 2.5 మిల్లీమీటర్లు, అంతకు మించి పడితేనే వర్షపు దినం కనుక ఈ తేడాతో వర్షపు దినాల సంఖ్య కూడా మారవచ్చు. షెడ్యూలును యూటీసీలో 3.00 గంటలకు అమర్చడం, లేదా డ్యాగ్‌కు భారత కాలమానాన్ని స్పష్టంగా ఇచ్చి 8.30 అని రాయడం సరైన పద్ధతి. కేంద్రాల రీడింగులు ఏ కాలమానంలో వస్తున్నాయో కూడా విడిగా సరిచూడాలి.

రెండవది ఎదురుచూపు. ఫైలు వచ్చిందో లేదో కనిపెట్టే టాస్క్‌ను ‘సెన్సర్’ అంటారు. దీని డిఫాల్టు గడువు 7 రోజులు. మంగళవారం బులెటిన్ కోసం మరుసటి మంగళవారం వరకు ఎదురుచూసే నియమం ఎవరికీ పనికిరాదు. గడువును 2 గంటలకో 3 గంటలకో కుదించి, మోడ్‌ను ‘రీషెడ్యూల్’గా ఉంచితే ఎదురుచూపు మధ్యలో కంప్యూటర్ వనరులు ఇతర పనులకు ఖాళీగా ఉంటాయి. విఫలమైన టాస్క్‌ను మళ్ళీ ప్రయత్నించే సంఖ్య డిఫాల్టుగా సున్నా. గ్రామీణ కేంద్రాల సిగ్నల్ తరచుగా తెగిపోతుంది కనుక ప్రయత్నాల మధ్య కొంత విరామంతో దీనిని 3కు పెంచడం మంచిది.

అయితే మళ్ళీ ప్రయత్నించడంలో మరొక చిక్కు పొంచి ఉంది. మొక్కజొన్నకు మూల ఉష్ణోగ్రతను 10 డిగ్రీలుగా తీసుకొంటే, గరిష్ఠం 34, కనిష్ఠం 22 డిగ్రీలు ఉన్న రోజున 18 డిగ్రీ-దినాలు చేరతాయి. టాస్క్ ‘పాత మొత్తానికి 18 కలుపు’ అని రాసి ఉండి, కలిపిన తరువాత ఆగిపోయి మళ్ళీ నడిస్తే ఆ ఒక్క రోజుకే 36 చేరుతుంది. పూత దశ ఎప్పుడు వస్తుందన్న అంచనా ముందుకు జరిగిపోతుంది, ఎక్కడా ఎర్రర్ కనిపించదు. అందువల్ల ప్రతి తేదీ విలువను ఆ తేదీ వరుసలోనే రాసి, విత్తిన నాటి నుంచి మొత్తాన్ని ప్రతిసారీ కొత్తగా కూడాలి. ఎన్నిసార్లు నడిపినా ఒకే ఫలితం రావాలి.

అన్నింటికన్నా జాగ్రత్తగా ఆలోచించవలసినవి ట్రిగ్గర్ నియమాలు. డిఫాల్టు నియమం ‘ఆల్ సక్సెస్’: ముందున్న టాస్కులన్నీ విజయవంతమైతేనే తరువాతిది నడుస్తుంది. జిల్లాలోని 10 కేంద్రాల్లో ఒకటి మూగబోతే జిల్లా బులెటిన్ మొత్తం ఆగిపోతుంది. దీనికి విసిగి చాలామంది ‘ఆల్ డన్’ పెడతారు. ముందువి గెలిచినా ఓడినా ముగిస్తే చాలు, తరువాతిది నడుస్తుంది. ఇది మరింత ప్రమాదం. ఒక్క కేంద్రమూ పలకకపోయినా బులెటిన్ సిద్ధమవుతుంది. పైగా ఒక డ్యాగ్ నడక విజయమా, వైఫల్యమా అన్నది చివరి టాస్కుల స్థితిని బట్టి తేలుతుంది. చివరిది విజయవంతమైతే, మధ్యలో ఎన్ని విఫలమైనా తెరమీద ఆ నడకకు పచ్చ రంగే కనిపిస్తుంది.

మధ్యే మార్గం ఉంది. ‘ఆల్ డన్’ను ఒక లెక్కించే టాస్క్‌కు మాత్రమే ఇవ్వాలి. సరైన రీడింగులు ఎన్ని కేంద్రాల నుంచి వచ్చాయో అది చూసి, తగినన్ని ఉంటే ముసాయిదా శాఖకు, లేకుంటే శాస్త్రవేత్త పరిశీలన శాఖకు దారి మళ్ళించాలి. ‘తగినన్ని’ అంటే ఎన్ని అన్నది జిల్లా నేలలు, పంటలు, కేంద్రాల మధ్య దూరం తెలిసినవారు నిర్ణయించి ఒకచోట రాసి ఉంచాలి. దానితోపాటు, ఏ టాస్క్ విఫలమైనా నడిచే ‘వన్ ఫెయిల్డ్’ నియమంతో ఒక హెచ్చరిక టాస్క్ ఉండాలి.

రాని రీడింగును సున్నాగా నింపే అలవాటును ఇక్కడే అరికట్టాలి. ఖాళీ అంటే తెలియదు, సున్నా అంటే వాన లేదు. ఖాళీని సున్నా చేస్తే నేలలో తేమ తగ్గినట్లు లెక్క తేలి, తడిసిన చేనుకు నీటి తడి ఇమ్మని సలహా వెళుతుంది. నిజమైన సున్నా కూడా అనుమానాస్పదం కావచ్చు. వర్షమాపకం గరాటులో ఆకులో, పక్షి రెట్టలో అడ్డుపడితే జోరువానలోనూ అది సున్నానే పంపుతుంది. సాఫ్ట్‌వేర్ దృష్టిలో ఆ టాస్క్ విజయవంతమే. చుట్టుపక్కల కేంద్రాలన్నింటిలో వాన నమోదై, ఒకచోట మాత్రం గాలిలో తేమ 95 శాతం దాటినా వర్షం సున్నా ఉంటే ఆ విలువను పక్కనపెట్టి, కేంద్రాన్ని శుభ్రం చేయమని సిబ్బందికి కబురు పంపే నియమం తప్పనిసరి.

నియమాలు పూర్తయ్యాక గత ఖరీఫ్‌లో వానలు ఎక్కువగా కురిసిన ఒక వారాన్ని ఎంచుకొని, ఆ తేదీల సమాచారంతో డ్యాగ్‌ను మళ్ళీ నడిపి, ఆనాడు వెలువడిన బులెటిన్లతో పోల్చాలి. ‘క్యాచప్’ అనే అమరిక గడిచిన తేదీల నడకలను తనంతట తానే మొదలుపెడుతుంది. ఇది 2వ వెర్షన్‌లో డిఫాల్టుగా తెరిచి, 3వ వెర్షన్‌లో మూసి ఉంటుంది కనుక ఏ వెర్షన్ అయినా దీని విలువను స్పష్టంగా రాయడం మేలు. పరీక్షకు ముందు రైతులకు సందేశం పంపే టాస్క్‌ను విధిగా ఆపి ఉంచాలి. లేకుంటే జూలై నాటి పిచికారీ సలహాలు అక్టోబరులో, వరి కోతల వేళ, రైతుల ఫోన్లకు వరుసగా చేరతాయి.