బడిలో ఎవరో ఒకరికి ముందే తెలుస్తుంది

జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచరుగా చేరి, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు ఇప్పటికీ ఇంటికొచ్చి అడుగుతుంటారు: "మేడమ్, పదో తరగతి వాళ్లు రెండు గ్రూపులుగా విడిపోయి కొట్టుకుంటున్నారు, ఏ రోజు ఏమవుతుందోనని భయంగా ఉంది" అని. వాళ్లకు విడివిడిగా చెప్పినవే ఇక్కడ వరసగా రాస్తున్నాను. కొన్ని నా బడుల్లో చూసినవి. కొన్ని ఇతర చోట్ల జరిగిన ఘోరాల గురించి చదివి తెలుసుకున్నవి.

1. మొహం చూసి పోల్చుకోవచ్చనుకోకండి.

1999 ఏప్రిల్ 20న అమెరికాలోని కొలంబైన్ హైస్కూల్లో ఇద్దరు విద్యార్థులు 12 మంది తోటి పిల్లల్నీ ఒక టీచరునీ కాల్చి చంపారు. ఆ తర్వాత అక్కడి సీక్రెట్ సర్వీసు, విద్యాశాఖతో కలిసి, అలాంటి పాత ఘటనలను తవ్వి తీసింది. మొత్తం 37 దాడులు, చేసినవాళ్లు 41 మంది. 2002లో నివేదిక వచ్చింది. దాడి చేసేవాడు ఇలా ఉంటాడని చెప్పడానికి ఒక మూస అంటూ ఏదీ లేదని తేల్చారు. మంచి మార్కులు తెచ్చుకునేవాళ్లు ఉన్నారు, తప్పినవాళ్లు ఉన్నారు. ఒంటరివాళ్లు ఉన్నారు, నలుగురితో కలిసి తిరిగేవాళ్లూ ఉన్నారు.

మన స్టాఫ్ రూముల్లో "వాడు రౌడీ అవుతాడండీ" అనే మాట చాలా తేలిగ్గా వచ్చేస్తుంది. ఏ పేట నుంచి వచ్చాడు, తండ్రి ఏం చేస్తాడు అన్నదాన్ని బట్టి వచ్చే మాట అది. దానివల్ల ఒక పిల్లవాడికి అన్యాయం జరుగుతుంది, అసలు చూడాల్సినవాడు మన కళ్లెదుటే తప్పించుకుపోతాడు. వాడు ఎవరన్నది వదిలేసి, ఈ నెల రోజుల్లో వాడిలో ఏం మారిందో చూడండి.

2. పిల్లల్లో ఒకరికి ముందే తెలుస్తుంది.

అదే నివేదికలో నన్ను పట్టి ఆపిన సంగతి ఇది. ప్రతి అయిదు దాడుల్లో నాలుగింటిలో, జరగబోయేది ముందే కనీసం ఒకరికి తెలుసు. తెలిసినవాళ్లు దాదాపు అందరూ పిల్లలే: స్నేహితులు, క్లాసువాళ్లు, అన్నదమ్ములు. పెద్దవాళ్లకు తెలియడం చాలా అరుదు.

మరి ఎందుకు చెప్పరు? చెబితే "నీకెలా తెలుసు, నువ్వూ వాళ్లతో ఉన్నావా" అని ముందు తననే నిలబెడతారని పిల్లలకు తెలుసు. మర్నాడు ప్రేయర్‌లో మైకు పట్టుకుని "నాకు ఒక విద్యార్థి చెప్పాడు" అంటారనీ తెలుసు. సాయంత్రం ఇంటికి నడిచి వెళ్లాల్సింది తనే కదా. కాబట్టి పిల్లలకు ధైర్యం లేదని అనకండి. చెప్పినవాడికి ఏ ముప్పూ రాదన్న నమ్మకం మన బడి ఎప్పుడైనా ఇచ్చిందా అన్నది చూసుకోవాలి.

3. ఫిర్యాదుల పెట్టె ఒక్కటే చాలదు.

అది హెడ్మాస్టరు గది ముందు వరండాలో ఉంటుంది. చీటీ వేసేవాణ్ణి బడంతా చూస్తుంది. నేను మరో పద్ధతి పెట్టుకున్నాను. నోటుపుస్తకం చివరి పేజీ నాకు. అందులో ఏమైనా రాయొచ్చు, బొమ్మ వేసినా సరే, కాని ఖాళీగా మాత్రం ఇవ్వకూడదు. అందరి పుస్తకాలూ ఒకేసారి తీసుకుని, అందరికీ ఒకేసారి తిరిగి ఇచ్చేదాన్ని. ఎవరు ఏం రాశారో పక్కవాళ్లకు తెలిసే వీలు లేదు.

చాలామంది పువ్వులూ సినిమా పేర్లూ రాసేవాళ్లు. ఒకసారి తొమ్మిదో తరగతి అమ్మాయి రెండే వాక్యాలు రాసింది. శనివారం బడి విడిచాక చెరువుకట్ట దగ్గరకు ఒకణ్ణి రమ్మన్నారని, పదో తరగతి అబ్బాయి ఒకడు సంచిలో సైకిల్ చైను పెట్టుకొచ్చాడని.

వాలీబాల్ నెట్ కట్టాలన్న వంకతో మా డ్రిల్ మాస్టారు ఆ అబ్బాయిని సంచితో సహా నా గదికి తీసుకొచ్చారు. తలుపు దగ్గరగా వేయించాను.

"కూర్చో నాన్నా. అన్నం తిన్నావా?"

తల దించుకుని ఊపాడు.

"సంచిలో ఉన్నది నువ్వే తీసి బల్ల మీద పెట్టు."

తీశాడు. చైనుకు ఒక కొసన పాత ట్యూబు ముక్క గట్టిగా చుట్టి ఉంది, చెయ్యి జారకుండా. అంత శ్రద్ధగా చుట్టినవాడు తమాషాకు తేలేదని చూడగానే అర్థమైంది.

"ఎవరు చెప్పారు మేడమ్?"

"అది నీకు అక్కర్లేదు. ఎవరి మీదరా ఇంత కోపం?"

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఏడుపు ఆపుకోలేకపోయాడు. బోరింగు దగ్గర వాణ్ణి ముగ్గురు చెంపలు వాయించి ఫోన్లో వీడియో తీశారు. అది గ్రూపుల్లో తిరిగి తిరిగి వాడి చెల్లెలి దాకా వచ్చింది. చైను పట్టుకొచ్చినవాడు ముందుగా దెబ్బలు తిన్నవాడు. అమెరికా నివేదికలోనూ దాడి చేసినవాళ్లలో మూడొంతులకు దగ్గర దగ్గరగా అంతకుముందు వేధింపులో గాయాలో పడ్డవాళ్లే. అందుకే ఆయుధం లాక్కుని సంగతి ముగిసిందనుకోకూడదు. ఆ వీడియో తీసిన ముగ్గుర్నీ, వాళ్ల తల్లిదండ్రుల్నీ ఆ రోజే పిలిపించాం. మా ఎదుటే వీడియో తీసేయించాం. కొన్నాళ్లపాటు ఈ అబ్బాయిని వాళ్ల బాబాయి వచ్చి తీసుకెళ్లాడు. గేటు దగ్గర డ్రిల్ మాస్టారు నిలబడ్డారు.

4. చెప్పిన పిల్లవాడికి ఆ రాత్రే కాపలా కావాలి.

2023 ఆగస్టులో తమిళనాడు తిరునెల్వేలి జిల్లా నాంగునేరిలో జరిగింది ప్రతి టీచరూ చదవాలి. పన్నెండో తరగతి దళిత విద్యార్థి. వేరే కులాల తోటి విద్యార్థుల వేధింపులు పడలేక బడి మానేశాడు. ఎందుకు రావడం లేదని బడివాళ్లు అడిగితే ఉన్నది చెప్పాడు. ఆ రాత్రే ఆ విద్యార్థులు కొడవళ్లతో ఇంటి మీద పడి నరికారు. అడ్డం వెళ్లిన చెల్లెల్ని కూడా నరికారు. ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు. ప్రభుత్వం రిటైర్డ్ జడ్జి జస్టిస్ కె. చంద్రుతో ఏకసభ్య కమిటీ వేసింది. పిల్లలు తమ కులాన్ని చాటుకుంటూ చేతికి కట్టుకునే రంగు తాళ్లను బడుల్లో నిషేధించాలని ఆ కమిటీ 2024లో సిఫారసు చేసింది.

బడి అడగడం సరైన పనే. కాని అడిగాక, వాడు చెప్పిన మాట అవతలివాళ్లకు చేరేలోపు పిల్లవాడి ఇంటికి రక్షణ చేరాలి. పోలీసులకు చెప్పడం, ఊరి పెద్దల్ని కూర్చోబెట్టడం, అవసరమైతే వాణ్ణి రెండు రోజులు బంధువుల ఇంటికి పంపడం, ఇవన్నీ ఆ సాయంత్రమే జరగాలి. "రేపు చూద్దాం" అన్న మాట ఇక్కడ పనికిరాదు. ఇది అరవదేశం గొడవ అనుకునేవాళ్లు ఒకసారి మన బడుల్లో మధ్యాహ్న భోజనం వేళ ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారో చూడండి.

5. భోజనాల దగ్గరా, కుళాయి దగ్గరా నిలబడండి.

క్లాసులో అందరూ బుద్ధిమంతులే. నేను లాంగ్ బెల్ కొట్టగానే కుళాయిల దగ్గరకు వెళ్లేదాన్ని. రోజూ రెండు కంచాలు కడిగే పిల్లవాడు కనిపిస్తాడు, ఒకటి తనది, రెండోది ఎవరిదో. ఇంటర్వెల్లో మూత్రశాలకు వెళ్లకుండా, గంట కొట్టి అందరూ లోపలికి పోయాక పరిగెత్తేవాడు కనిపిస్తాడు. ఒక టీచరు పీరియడ్ ఉన్న రోజే కడుపునొప్పి వచ్చే అమ్మాయి సంగతి హాజరు పట్టీ నెల మొత్తం చూస్తే బయటపడుతుంది. అలాంటిది లైంగిక వేధింపు అని తేలితే మనలో మనం సర్దుకోవడానికి వీల్లేదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. బడి పరువు అన్న మాట అక్కడ ఎవరి నోటా రాకూడదు.

6. అనుమానం వచ్చాక పిల్లవాణ్ణి ఒంటరిగా క్లాసుకు పంపకండి.

2021 నవంబరు 30. మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూలు. ఒక విద్యార్థి లెక్కల కాగితం మీద తుపాకీ బొమ్మ వేసి, పక్కన సాయం కావాలని రాసుకున్నాడు. టీచరు చూసింది. కౌన్సిలర్ దగ్గరకు పంపారు. తల్లిదండ్రుల్ని పిలిపించారు. ఇంతవరకూ అందరూ చెయ్యాల్సిందే చేశారు. కాని తల్లిదండ్రులు ఇంటికి తీసుకెళ్లలేదు, బడివాళ్లు క్లాసుకు తిప్పి పంపారు, ఎవరూ సంచి తెరవలేదు. తుపాకీ ఆ సంచిలోనే ఉంది. కొన్ని గంటల్లోనే నలుగురు పిల్లలు చనిపోయారు. ఆ తుపాకీని తండ్రి నాలుగు రోజుల ముందే కొన్నాడు. 2024లో తల్లికీ తండ్రికీ కూడా 10 నుంచి 15 ఏళ్ల జైలు శిక్ష పడింది.

తల్లిదండ్రులు పనుందని వెళ్లిపోతే పిల్లవాడు ఆఫీసు రూములోనే కూర్చోవాలి, పక్కన ఒక పెద్దమనిషి ఉండాలి. ఇంట్లో ప్రమాదకరమైనవి ఏమున్నాయని అడగాలి. దీన్ని అవమానంగా తీసుకునే తండ్రికి నచ్చజెప్పుకోవచ్చు.

7. మన ఊళ్లలో తుపాకీకి బదులు పురుగుమందు డబ్బా ఉంటుంది.

అమెరికా నివేదికలోని ఆ 41 మందిలో ఎక్కువమంది అంతకుముందు చావాలనుకున్నవాళ్లే, లేదా ప్రయత్నించినవాళ్లే. ఎదుటివాళ్లను చంపాలన్న ఆలోచనకూ తాను చావాలన్న ఆలోచనకూ మధ్య దూరం చాలా తక్కువ. "నేను పోతే మీకే మంచిది", "పరీక్షల దాకా ఉంటే కదా" అంటూ తనకిష్టమైన పెన్నూ వాచీ స్నేహితులకు పంచేస్తున్న పిల్లవాణ్ణి ఆ రోజే కూర్చోబెట్టి సూటిగా అడగండి, "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది వట్టి భయం. తర్వాత ఇంటికి వెళ్లి, పురుగుమందు డబ్బాలు తాళం వేసిన కొట్లో పెట్టించండి. మానసిక సాయానికి ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416. పిల్లలకే ప్రత్యేకంగా 1098.

8. బెత్తం ఉన్న గదిలో నిజం బయటికి రాదు.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అందులోని 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మనసు నొప్పించేలా వేధించడాన్నీ నిషేధించింది. చట్టం సంగతి అలా ఉంచండి. పొద్దున తనను కొట్టిన మనిషి దగ్గరకు మధ్యాహ్నం ఎవడూ రహస్యం తీసుకురాడు.

9. టీసీ ఇచ్చి పంపేస్తే తీరిపోదు.

2018 ఫిబ్రవరి 14న ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్‌లో 17 మందిని చంపినవాడు 19 ఏళ్ల కుర్రాడు, ఆ బడి పూర్వ విద్యార్థి. గొడవలవల్ల అంతకుముందే అక్కణ్నుంచి పంపించేశారు. బడి నుంచి వెళ్లగొట్టిన రోజున వాణ్ణి రోజూ చూసే కళ్లు పోతాయి, కోపం మాత్రం వాడితోనే ఉంటుంది. పంపక తప్పని పరిస్థితి వస్తే, వెళ్లే బడి హెడ్మాస్టరుతో ముందే మాట్లాడండి. వాడితో కాస్త చనువున్న టీచరు ఒకరు నెలనెలా ఫోన్ చెయ్యాలి.

10. గొడవ సర్దుకున్నాక పదిహేను రోజులకు మళ్లీ పిలవండి.

చేతులు కలిపించి ఫొటో తీసి మర్చిపోవడం ఎక్కువ బడుల్లో జరిగేదే. దెబ్బ తిన్నవాణ్ణి విడిగా, కొట్టినవాణ్ణి విడిగా పిలిచి అడగాలి. ఆ పదిహేను రోజుల్లో ఎన్ని రోజులు బడికి వచ్చారో హాజరు పట్టీ ముందు పెట్టుకుని అడగాలి. డైరీలో పిలవాల్సిన తేదీ ఆ రోజే రాసి పెట్టుకోండి. మీరు బదిలీ అయి వెళ్తుంటే ఆ పేజీని మీ తర్వాత వచ్చేవాళ్ల చేతికి ఇచ్చి వెళ్లండి.